గట్టు మీది తాటిచెట్లు బట్టీకి అమ్మేయాలా, ఉంచితే నిజంగా ఏమైనా ఉపయోగమా?

నాగావళి_గట్టు
మాది సంతకవిటి దగ్గర పల్లెటూరు. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా, మేము మాత్రం ఉన్నచోటే ఉన్నాం. పొలం గట్ల మీద తాతల నాటి తాటిచెట్లు పాతిక ముప్పై దాకా ఉన్నాయి. ఇటుక బట్టీకి కలప తోలే ఆయన వచ్చి అన్నయ్యకి బేరం పెట్టాడు. అన్నయ్య అమ్మేద్దామంటున్నాడు. నీడకి వరి ఎదగదట, గీసే మనిషి ఊళ్ళో లేడట, ఎండుమట్టల్లో పాములు చేరతాయట. నాన్న ఎటూ తేల్చడు. నేను వద్దంటే "అయితే వాటివల్ల ఏటి లాభమో చెప్పు" అని నన్నే అడుగుతున్నాడు. నెట్‌లో వెతికితే ముంజలు తింటే క్యాన్సర్ పోతుందని, తాటిబెల్లం షుగర్‌కి మందని, అన్నిచోట్లా అక్షరం పొల్లుపోకుండా అదే రాత. అందులో నిజమెంత? డబ్బులొచ్చే దారి ఏమైనా ఉందా? సొంతంగా చెట్లున్నవాళ్ళు చెబితే బాగుంటుంది.

చీపురుపల్లి_సీత
అమ్మొద్దు. మావాళ్ళు అమ్మేశారు, ఇప్పుడు ముంజలు రోడ్డు మీద కొనుక్కుంటున్నాం.

కంచిలి_బావు
ముంజల కోసం ముప్పై చెట్లు ఉంచుకోవాలేటి సీతగారూ, రెండు ఉంచుకుంటే చాలు కదా 😀 అయినా అన్నయ్య అడిగిన దాంట్లో తప్పేం లేదు. పొలం ఆయనది కూడా.

రాజాం_మాస్టారు
ముందు కొన్ని సంగతులు విడదీసి చూడాలి. ముప్పై చెట్లలో పోతుతాళ్ళు ఎన్ని, పెంటితాళ్ళు ఎన్ని? తాటిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. పోతుతాడుకి కాయ కాయదు, పొడుగాటి పూతకొమ్మలు మాత్రమే వస్తాయి. కాబట్టి ముంజలు, పండ్లు, తేగలు అన్నీ పెంటితాళ్ళ లెక్కే. నీరా (పులవని తాజా రసం), కల్లు మాత్రం రెండిటి నుంచీ గీస్తారు. చెట్టు పూతకొచ్చేదాకా ఆడదో మగదో ఎవరూ చెప్పలేరు, పూతకి రావడానికి పన్నెండు పదిహేనేళ్ళు పడుతుంది, ఒక్కోసారి ఇరవై కూడా. అంటే ఇవాళ కొట్టేసి రేపు మనసు మార్చుకుంటే ఆ చెట్టు మీ పిల్లల పెళ్ళిళ్ళ నాటికి గానీ తిరిగి రాదు. కొబ్బరి అలా కాదు, అయిదారేళ్ళలో కాపుకొస్తుంది. అన్నయ్యకి మొదట చెప్పాల్సింది ఇది.

ఇక నీడ సంగతి. తాటి తల చిన్నది, కాండం నిలువుగా పోతుంది, నీడ ఒకచోట నిలవదు, పొద్దుతో పాటు తిరుగుతుంది. గట్టు పక్క రెండు మూడు వరసలు కాస్త పలచబడితే పడవచ్చు. దానికి ఎకరమంతా ఎదగదనడం ఎక్కువ. వేప, చింత గట్టు మీద ఉంటే ఆ మాట ఒప్పుకుంటాను.

నాగావళి_గట్టు
మాస్టారూ, సగానికి పైగా పెంటితాళ్ళే. పండ్ల కాలంలో రాత్రిళ్ళు ధబ్ ధబ్ మని రాలుతుంటాయి, ఏరేవాళ్ళు లేక అక్కడే కుళ్ళిపోతాయి.

బెంగళూరు_బాబ్జీ
అయ్యో కుళ్ళిపోతున్నాయా!! ఇక్కడ తాటిపండు వాసన పీల్చి ఎన్నేళ్ళయిందో. మా అమ్మమ్మ పండు కాల్చి, పీచు నుంచి గుజ్జు పిసికి, బియ్యప్పిండి బెల్లం కలిపి రొట్టె వేసేది. చేతులు రెండ్రోజులు పసుపు రంగులో ఉండేవి.

బొబ్బిలి_వీణ
రొట్టె మాత్రమేనా, బూరెలు? మా ఇంట్లో తాటి బూరెలు కూడా. పండు చేదు ఉందో లేదో ముందు నాలుక మీద వేసి చూసుకోవాలి, కొన్ని చెట్ల పండు ఎంత బెల్లం వేసినా చేదు పోదు. ఏ చెట్టు పండు తీపో ఊళ్ళో ముసలాళ్ళకి గుర్తు ఉండేది, అమ్ముకునేవాళ్ళకి ఆ చెట్టు పేరు చెప్పేవారు కాదు.

ఫార్మసీ_పద్మ
ఆ చేదుకి కారణం గుజ్జులో ఉండే ఫ్లాబెల్లిఫెరిన్లు అనే సాపోనిన్ జాతి పదార్థాలు. చెట్టు చెట్టుకీ వాటి మోతాదు మారుతుంది, వీణగారు చెప్పిన తీపి చెట్టు కథ నిజమే.

ఇక గట్టుగారి ప్రశ్నకి. మందుల షాపులో కూర్చుని రోజూ వినే మాటలకి నా జవాబు ఇక్కడే రాసేస్తాను, మళ్ళీ మళ్ళీ అడగొద్దు.

ముంజలు: దాదాపు 90 పాళ్ళు నీళ్ళు, కాస్త చక్కెర, కాస్త ఖనిజ లవణాలు. ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గకుండా చూస్తాయి, తేలిగ్గా అరుగుతాయి, లేతవైతేనే సుమా. ముదిరి గట్టిపడ్డవి తింటే పిల్లలకి కడుపునొప్పి ఖాయం. చెమటకాయల మీద ముంజ నీళ్ళు రాస్తే చల్లగా హాయిగా ఉంటుంది, కానీ చల్లటి నీళ్ళ గుడ్డ వేసినా హాయిగానే ఉంటుంది. క్యాన్సర్ మాట వదిలేయండి.

తాటిబెల్లం: మామూలు చక్కెర కంటే ఖనిజాలు కాస్త ఎక్కువ. కానీ అందులో ఉన్నది ముఖ్యంగా సుక్రోజే, చెరుకు బెల్లంలో ఉన్నదే. షుగర్ ఉన్నవాళ్ళు తాటిబెల్లం కదా అని టీలో రెండు చెంచాలు వేసుకుని, రీడింగ్ పెరిగిందని నా దగ్గరికొచ్చి మాత్ర మార్చమంటారు. మాత్ర తప్పేం చేసింది!

తాటి కలకండ: దగ్గుకి చప్పరిస్తే గొంతు తడిగా ఉంటుంది, పొడిదగ్గు కాస్త ఉపశమిస్తుంది. మామూలు పటికబెల్లం చేసే పనే అది కూడా చేస్తుంది. దానికోసం మూడింతలు పెట్టి కొనడం మీ ఇష్టం.

తేగలు: పీచు, పిండిపదార్థం. మలబద్ధకానికి మంచివి. ఎక్కువైతే ఏమవుతుందో ఇంట్లో పక్కన కూర్చున్నవాళ్ళని అడగండి.

కంచిలి_బావు
చివరి లైనుకి చెయ్యెత్తి దండం 🙏🙏

ఉద్దానం_కుర్రోడు
పద్మగారూ, ఒక ముఖ్యమైంది వదిలేశారు. మాది కవిటి మండలం, మా ఇంట్లోనే ఇద్దరికి కిడ్నీ జబ్బు. మా వైపు ఎవరొచ్చి పలకరించినా "కొబ్బరినీళ్ళు తాగించండి, ముంజలు పెట్టండి, కిడ్నీ కడిగేస్తుంది" అని సలహా ఇచ్చి పోతారు. మా బాబాయికి అలాగే రోజూ కొబ్బరినీళ్ళు పట్టారు, పొటాషియం పెరిగి రాత్రికి రాత్రి ఆసుపత్రికి పరిగెత్తాం. దీని గురించి రాయండి ప్లీజ్.

ఫార్మసీ_పద్మ
నిజమే, రాయాల్సిందే. కిడ్నీ బాగా పనిచేసేవాళ్ళలో ఎక్కువైన పొటాషియం మూత్రంలో బయటికి పోతుంది. పాడైన కిడ్నీ దాన్ని తోసెయ్యలేదు, రక్తంలో నిలిచిపోతుంది, మరీ పెరిగితే గుండె కొట్టుకోవడమే దెబ్బతింటుంది. కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగా ఎక్కువ. తాటిబెల్లం, చెరుకు బెల్లం లాంటి వడకట్టని తీపుల్లో కూడా తెల్ల చక్కెర కంటే చాలా ఎక్కువే. అందరికీ మంచిదని పేరున్న ఖనిజమే వీళ్ళకి ప్రమాదం. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) పెరిగినవాళ్ళు, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు ముంజలైనా నీరా అయినా చూసే డాక్టర్‌ని అడక్కుండా ముట్టొద్దు. నీళ్ళ కొలత కూడా డాక్టర్ చెప్పినంతే. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు కదా, అక్కడ చూపించుకునేవాళ్ళు ఏం తినాలో కూడా అక్కడే అడిగి రాయించుకోండి.

ఉద్దానం_కుర్రోడు
థాంక్సండీ. ఇది స్క్రీన్‌షాట్ తీసి మా ఊరి గ్రూపులో వేశాను. ఎవడో అప్పుడే "ఇదంతా కంపెనీల కుట్ర" అన్నాడు, అది వేరే కథ.

మోకు_మావయ్య
నేను గీత పని చేసినవాడిని. మా నాన్నా అదే, తాతా అదే. నా కొడుకు చెన్నైలో ఏసీలు బిగిస్తాడు. గీసే మనిషి లేడు అన్న మాట నిజం, ఎందుకు లేడో ఎవరూ అడగరు. చెట్టెక్కే తాడు, మోకు తెగితే, వానకి కాండం పాకుడు పట్టి కాలు జారితే, నడుము పోయి మంచాన పడ్డవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. రోజుకి రెండుసార్లు ఎక్కాలి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎక్కిన ప్రతిసారీ గెల (పూతకొమ్మ) చివర పలచగా చెక్కాలి. ఒక్కరోజు మానితే గెల ఆరిపోతుంది, ధార ఆగిపోతుంది. పండగ లేదు, జ్వరం లేదు. ఇంత చేసి కిందికి దిగితే "కల్లు మావయ్యా" అని నవ్వేవాళ్ళు.

నీరా కావాలంటే లొట్టి (రసం పట్టే కుండ) లోపల సున్నం పూయాలి, లేకపోతే తెల్లారేసరికే పులుస్తుంది. ఎండ ఎక్కకముందే దించాలి. నీరా అని బోర్డు పెట్టి పదకొండు గంటలకి అమ్మేది నీరా కాదు బాబూ.

రాజాం_మాస్టారు
మావయ్య చెప్పినదానికి కారణం కలుపుతాను. నీరాలో నూటికి పది పన్నెండు పాళ్ళు చక్కెర. గాలిలోనూ లొట్టిలోనూ ఉండే ఈస్ట్ ఆ చక్కెరని తిని ఆల్కహాల్ చేస్తుంది, ఎండకి ఆ పని ఇంకా వేగం. సున్నం పులుపుని అడ్డుకుని ఈస్ట్‌ని ఎదగనివ్వదు. నీరాని మరగబెడితే సుమారు ఎనిమిది లీటర్లకి కిలో బెల్లం. వంటచెరుకు, మనిషి కూలి కలుపుకుంటే అసలైన తాటిబెల్లం చౌకగా రాదు. చౌకగా అమ్ముతున్నారంటే అందులో పంచదార ఉందనే అనుకోవాలి.

పలాస_జీడిపప్పు
"తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు" అని ఊరికే అన్నారా, మాస్టారు నీరా గురించి ఇంత వివరంగా చెబుతుంటే నాకు ఏదో అనుమానం 😜

రాజాం_మాస్టారు
రిటైరయ్యాక అనుమానాలకి జవాబు చెప్పే పని లేదు.

కంచిలి_బావు
తాడిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట 😂😂

గిజిగాడు
ఇంతసేపూ మనుషులకి ఏం లాభం అనే మాట్లాడుతున్నారు. నేను పక్షుల ఫోటోలు తీస్తాను, వారాంతాల్లో నెల్లిమర్ల, గజపతినగరం పొలాల్లో తిరుగుతాను. మీ గట్టు మీద ముప్పై చెట్లంటే అది ఒక కాలనీ. తాటాకు అడుగున సన్నటి పక్షి ఒకటి అంటుకుని గూడు కడుతుంది, పామ్ స్విఫ్ట్ అంటారు, ఈకలూ దూదిలాంటి పదార్థం ఉమ్మితో అతికిస్తుంది, గుడ్లు కూడా ఉమ్మితోనే అతికిస్తుంది గాలికి పడకుండా. రోజంతా ఆకాశంలో చిన్న చిన్న పురుగులు తింటూ తిరుగుతుంది. తాటాకు లేనిచోట దానికి ఇల్లు దొరకడం కష్టం. ఇక గిజిగాళ్ళు, అదీ బావి మీదికో చెరువు మీదికో వంగిన తాటిచెట్టు దొరికితే కమ్మల చివర్ల నుంచి డజన్ల గూళ్ళు వేలాడతాయి. గూడు అల్లేది మగపక్షి, ఆడపక్షి వచ్చి చూసి నచ్చితే ఉంటుంది, లేకపోతే ఇంకో గూడు.

ఇంకోటి, తల విరిగిపోయిన మోడు తాటిని "పనికిరానిది" అని ముందు కొట్టేస్తారు. రామచిలకలూ పాలపిట్టలూ గుడ్లు పెట్టేది ఆ మోడు తొర్రల్లోనే. 2018లో రామచిలకని రాష్ట్ర పక్షి చేసుకున్నాం, దాని ఇల్లు ఇటుకబట్టీకి వేసుకుంటున్నాం.

నాగావళి_గట్టు
మా మోటబావి దగ్గర చెట్టుకి గూళ్ళు ఉంటాయి. ఇది నాన్నకి చెబితే పనికొస్తుంది, అన్నయ్యకి చెబితే "పిట్టలు కిస్తీ కడతాయా" అంటాడు.

చీపురుపల్లి_సీత
పాముల సంగతి ఎవరూ చెప్పలేదు. ఎండుమట్టలు చెట్టుకే వదిలేస్తే ఎలకలు, గబ్బిలాలు, వాటి వెనకాల పాములు. ఏడాదికోసారి మట్టలు దింపించాలి. మా మామగారి హయాంలో మట్టలు దింపినవాడికే ఆకు ఇచ్చేసేవారు, కూలి డబ్బులు అడిగేవాడు కాదు. ఇప్పుడు ఆకు ఎవరికి కావాలి?

పలాస_జీడిపప్పు
ఆకు కావాలి సీతగారూ, కొనేవాళ్ళు ఉన్నారు. పెళ్ళిళ్ళలో "సంప్రదాయ" పందిరి అంటే ఈవెంట్ వాళ్ళు తాటాకు కోసం వెతుకుతున్నారు. రిసార్టుల్లో గుడిసెలకి కూడా. మా ఊళ్ళో పేదవాడు తాటాకిల్లు వదిలి స్లాబు వేసుకున్నాడు, డబ్బున్నాయన స్లాబు మీద తాటాకు వేయించుకున్నాడు.

బొబ్బిలి_వీణ
😂 మొన్న ఒక హోటల్‌లో తాటాకు దొప్పలో ముంజల ఐస్‌క్రీం ఇచ్చారు. బిల్లు చూసి దొప్ప ఇంటికి తెచ్చుకున్నాను.

భీమిలి_రోడ్డు
చుట్టిళ్ళ గురించి ఎవరైనా చెబుతారేమో అని చూస్తున్నా. తీరంలో మా చిన్నప్పుడు గుండ్రంగా మట్టిగోడ, పైన తాటాకు కప్పు దాదాపు నేల దాకా వంగి ఉండేది. తుఫాను గాలికి పట్టు దొరకదు, చుట్టూ జారిపోతుంది. వేసవిలో లోపల చల్లగా ఉంటుంది. ఇబ్బంది ఏంటంటే నిప్పు. ఎండల్లో ఒక ఇల్లు అంటుకుంటే గాలికి వీధి వీధి కాలిపోయేది. రెండు మూడేళ్ళకోసారి కప్పు మార్చుకోవాలి. అందుకే జనం రేకులకి మారిపోయారు, తప్పు పట్టలేం. రేకుల కింద మే నెలలో కూర్చుంటే మాత్రం తాటాకు గుర్తుకొస్తుంది.

ఉద్దానం_కుర్రోడు
తుఫాను అన్నారు కాబట్టి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చినప్పుడు మా వైపు కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. మా తోటలో నిలబడ్డ కొబ్బరిచెట్ల కంటే పడ్డవే ఎక్కువ. గట్టు మీద తాటిచెట్లు మాత్రం కమ్మలు చిరిగి, తలలు చింపిరి చేసుకుని, అలాగే నిలబడ్డాయి. మా కళ్ళముందు జరిగింది ఇది, అన్ని ఊళ్ళలో ఇలాగే అని అనను.

రాజాం_మాస్టారు
వేరు పట్టు వల్ల. తాటికి తల్లివేరు లేకపోయినా అడుగున గుబురుగా వందల వేర్లు బలంగా దిగుతాయి. అందుకే గట్టు కోతకి అడ్డం. కాలవ గట్టు మీద ఉన్న చెట్లు తీసేస్తే వరద వచ్చిన ఏడాది గట్టే పోతుంది, తర్వాత ట్రాక్టరు మట్టికి బట్టీవాడిచ్చిన డబ్బులు సరిపోవు. నాగావళి పక్కన పొలాలున్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇచ్ఛాపురం_బోర్డర్
పిడుగుల సంగతి ఎవరూ ఎత్తలేదే! బోర్డర్ దాటితే ఒడిశాలో 2024లో పిడుగు చావులు తగ్గించడానికి లక్షల్లో తాటిచెట్లు నాటాలని, ఉన్నవి కొట్టొద్దని ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది. మన దగ్గరేమో బట్టీలకి తోలుతున్నాం. ఒక్క చెట్టు ఉంటే ఊరికి పిడుగు పడదట.

పవర్_లైన్
అదిగో, ఆ చివరి మాటతోనే మనుషులు చచ్చిపోతారు. నేను కరెంటు పని చేసేవాడిని. పొలంలో అన్నిటికంటే ఎత్తైనది తాటిచెట్టు కాబట్టి పిడుగు దాని మీద పడే అవకాశం ఎక్కువ, అంతే. పడ్డాక చెట్టులోంచి నేలలోకి దిగుతుంది, దగ్గర్లో మనిషి ఉంటే పక్కకి దూకుతుంది, నేలలో కూడా పాకుతుంది. వాన రాగానే పొలంలో కూలీలు చేసేది ఏంటి? చెట్టు కిందికి పరిగెత్తడం! ఊరికి దూరంగా గట్ల మీద చెట్లుంటే ఉపయోగం ఉండొచ్చు, చెట్టు కింద నిలబడ్డవాడికి మాత్రం కాదు. బంగ్లాదేశ్‌లో 2016లో పిడుగుల్ని ప్రకృతి విపత్తుగా ప్రకటించి, తాటి టెంకలు లక్షల్లో నాటించారు. చెట్టు ఎత్తు ఎదగడానికి ఏళ్ళకేళ్ళు పడుతుందని తర్వాత ఆ పని పక్కన పెట్టారు.

ఇచ్ఛాపురం_బోర్డర్
నాటి ఊరుకున్నారు కాబట్టి ఫలితం రాలేదు. మనకి పెరిగిన చెట్లే ఉన్నాయి కదా, వాటిని కొట్టకుండా ఉంచడానికి ఏళ్ళు పట్టదు. నా పాయింటు అది.

పవర్_లైన్
దానికి ఒప్పుకుంటా. కిందకి మాత్రం వెళ్ళొద్దు. ఉరుము వినపడితే పక్కా ఇంట్లోకి, లేదా కారులోకి. గొడుగు పట్టుకుని పొలంలో ఫోన్ మాట్లాడేవాళ్ళకి నేనేం చెప్పలేను.

బెంగళూరు_బాబ్జీ
నీరా స్టార్టప్ పెడితే ఎలా ఉంటుంది? సీరియస్‌గా అడుగుతున్నా. ఇక్కడ పామ్ జాగరీ అని చిన్న డబ్బాకి ఎంత తీసుకుంటున్నారో చూస్తే కళ్ళు తిరుగుతాయి.

మోకు_మావయ్య
పెట్టు బాబూ, ఎక్కడం ఎవరు ఎక్కుతారు?

బెంగళూరు_బాబ్జీ
మెషీన్లు వచ్చాయి కదా మావయ్యా, కొబ్బరిచెట్టు ఎక్కేవి.

మోకు_మావయ్య
కొబ్బరి కాండం వేరు. తాటి అడుగున లావు, పైకి పోయేకొద్దీ సన్నం, పాత మట్టల మొదళ్ళు బ్లేడులా ఉంటాయి. మెషీను తల దాకా చేర్చినా, కమ్మల మధ్యలోకి దూరి గెల గీసేది చెయ్యే. నేర్చుకునేవాడికి మంచి కూలి, బీమా ఇస్తే మనుషులు వస్తారు. అది ఇవ్వకుండా మెషీను మెషీను అంటారు.

రాజాం_మాస్టారు
బాబ్జీ, పని చేయాలనే ఉంటే రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధన కేంద్రం ఉంది, తాటి మీద, నీరా నిల్వ మీద, బెల్లం మీద అక్కడ పని జరుగుతుంది. ముందు వెళ్ళి చూసి రా. గీత విషయంలో ఎక్సైజ్ లైసెన్సు, గీత సొసైటీ గొడవ కూడా ఉంటుంది, సొంత పొలంలో చెట్టే కదా అని లొట్టి కట్టేస్తే కుదరదు. నరకడానికి కూడా అంతే గట్టూ, వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002 నుంచి ఉంది, సొంత చెట్టయినా అనుమతి కావాలేమో ముందు మండలాఫీసులో అడగమని అన్నయ్యకి చెప్పు. బట్టీవాడు "నేను చూసుకుంటా" అంటాడు, కాగితం మీద పేరు మాత్రం మీదే ఉంటుంది.

నాగావళి_గట్టు
"నేను చూసుకుంటా" అనే అన్నాడు మాస్టారూ, అచ్చం అదే మాట.

ఫార్మసీ_పద్మ
పచ్చి నీరా గురించి ఒక చిన్న మాట. బంగ్లాదేశ్‌లో ఈతచెట్ల రసం పచ్చిగా తాగడం వల్ల నిపా వైరస్ సోకిన సంఘటనలు ఉన్నాయి. గబ్బిలాలు రాత్రిళ్ళు ఆ రసం నాకి, అందులో మూత్రం పోస్తాయి. మన జిల్లాల్లో అలా జరిగిందని నేను అనడం లేదు, భయపడొద్దు. లొట్టి మూతికి వెదురు తడకో వలో కట్టి గబ్బిలం రాకుండా చూసుకోవడంలో నష్టం లేదు. మరగబెడితే భయమే లేదు.

కంచిలి_బావు
కల్లు మరగబెట్టమంటారా డాక్టరమ్మా? అంతకంటే మానెయ్యమనండి.

ఫార్మసీ_పద్మ
డాక్టర్ని కాదు. మానెయ్యమనే అంటున్నా.

సోంపేట_గేగులు
పేరు చూసి ఎవరైనా పిలుస్తారనుకున్నా, పిలవలేదు, నేనే వచ్చా. మా వైపు తేగల్నే గేగులంటాం. కుళ్ళిపోయే పండ్లతో డబ్బులొచ్చే దారి అందరికంటే తేలిక, చెట్టెక్కే పనే లేదు. రాలిన పండ్లు ఏరాలి, గుజ్జు వాడుకున్నా వాడకపోయినా టెంకలు పోగెయ్యాలి. వానలు ఉండగానే ఎత్తుగా గుల్ల ఇసకమట్టి మడి కట్టి, టెంకలు దగ్గర దగ్గరగా పరిచి పైన మట్టి కప్పాలి. మొలక కిందికి దిగుతుంది, పైకి రాదు. అందుకే మడి ఎత్తుగా ఉండాలి, నేల గట్టిగా ఉంటే గేగు వంకర పోయి తవ్వేటప్పుడు విరుగుతుంది. సంక్రాంతి ముందు నుంచి తవ్వుకోవచ్చు. కుండల్లో పేర్చి తంపటి వేస్తే ఆ వాసనకే జనం వస్తారు. ఉడకబెట్టి కూడా అమ్ముతారు, తంపటి రుచి దానికి రాదు. తవ్వేటప్పుడు టెంక పగలగొడితే లోపల తెల్లటి బుర్రగుంజు, పిల్లలు కొట్టుకుంటారు దానికోసం.

మడిలో కొన్ని టెంకలు తవ్వకుండా వదిలితే అక్కడే చెట్టవుతుంది. మొక్క పీకి ఇంకోచోట నాటాలని చూడకండి, కిందికి దిగిన మొలక తెగి చచ్చిపోతుంది. ఎక్కడ చెట్టు కావాలో అక్కడే టెంక పాతాలి.

బొబ్బిలి_వీణ
గేగు చీలిస్తే మధ్యలో నాలుకలా వచ్చే చందమామ నాది, మిగతాది మీరు తినండి.

పలాస_జీడిపప్పు
గేగులు పచ్చిగా ఎండబెట్టి పిండి చేస్తే బాగుంటుందని ఒకాయన వీడియోలో చెప్పాడు, గ్లూటెన్ లేని రోటీ అట.

ఫార్మసీ_పద్మ
జాఫ్నాలో ఎండిన తేగల పిండి శతాబ్దాలుగా తింటారు, ఒడియల్ పిండి అంటారు. వాళ్ళు పిండిని నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, తర్వాత ఉడికించి వాడతారు. శ్రీలంకలో ఎలకల మీద చేసిన పరీక్షల్లో పచ్చి పిండిలో విషగుణం కనబడింది. మనం తంపటి వేసుకుని, ఉడకబెట్టుకుని తినే పద్ధతే నయం. వీడియో చూసి పచ్చి పిండి స్మూతీలో కలుపుకోవద్దు.

గిజిగాడు
ఎంత సేపటికీ తిండే 😄 సరే, గట్టుగారూ, మీ అన్నయ్య లెక్క అడుగుతాడు కాబట్టి నా సలహా. అన్నీ అమ్మడమా, అన్నీ ఉంచడమా అని పేచీ పెట్టుకోకండి. ఇంటి మీదికి వాలినవి, కరెంటు తీగల కింద ఉన్నవి ఏవైనా ఉంటే అవి పోనివ్వండి. బావి దగ్గరవి, కాలవ గట్టువి వదిలేయమనండి.

పవర్_లైన్
తీగల కిందవి కొట్టేటప్పుడు లైన్‌మన్‌కి చెప్పి సప్లై ఆపించాకే. ఎండుకమ్మ కదా అనుకుంటారు, వాన తడి ఉంటే అదీ షాక్ కొడుతుంది.

చీపురుపల్లి_సీత
మీ వదినగారిని ఎవరైనా అడిగారా? మా ఇంట్లో అయితే ముంజల డబ్బులు ఆడవాళ్ళవే, మగవాళ్ళకి లెక్క చెప్పేవాళ్ళం కాదు. చెట్లు పోయాక ఆ చేతి ఖర్చు కూడా పోయింది. అన్నదమ్ములు కూర్చుని తేల్చుకుంటే ఈ లెక్క ఎప్పటికీ రాదు.

నాగావళి_గట్టు
అడగలేదు సీతగారూ. వదినే పోయినేడు రాలిన పండ్లలో కొన్ని ఏరి తాండ్ర వేసింది, ఇరుగూపొరుగూ డబ్బాలు పట్టుకుని వచ్చారు. ఇవాళ రాత్రి ఆవిణ్ణే ముందు అడుగుతా. అన్నయ్య ఆవిడ మాటకి ఎదురు చెప్పడు, అది ఊరందరికీ తెలుసు.

కంచిలి_బావు
ఇంత చర్చ ఎందుకు పెట్టినట్టు మరి, మొదటి రోజే వదినని అడిగితే పోయేది కదా 😂

బెంగళూరు_బాబ్జీ
తాటితాండ్రా!! భీమాళి మామిడితాండ్ర తెలుసు గానీ తాటిది కొనుక్కోవడానికి దొరుకుతుందా ఎక్కడైనా? వచ్చే నెల ఊరొస్తున్నా.

సోంపేట_గేగులు
షాపుల్లో దొరకదు బాబ్జీ, ఇళ్ళల్లో వేసుకునేదే. వచ్చే నెల అంటే పండ్లు ఇంకా రాలుతుంటాయి, ఖాళీ సంచి తెచ్చుకో. చాప మీద పొరలు పొరలుగా పూసి ఎండబెట్టాలి, వాన పడితే పాడవుతుంది, రెండు మూడు రోజులు మంచి ఎండ చూసుకుని మొదలెట్టు.

బెంగళూరు_బాబ్జీ
అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఆరబెడితే సెక్యూరిటీ వాడు ఊరుకుంటాడా?

బొబ్బిలి_వీణ
వాడికి ఒక ముక్క ఇవ్వండి, వాడిది ఒడిశా అయితే కాపలా కూడా కాస్తాడు.